సూది దిగితే చల్లబడినట్టు కాదు

మా బండి డాష్‌బోర్డు మీద ఇప్పుడు మూడు కొత్త మీటర్లున్నాయి. ఎక్కిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, "షోకు కోసమా?" అని. మా ఆడపడుచు అయితే "పిల్లాడు అడిగాడని పెట్టించారా వదినా?" అంది. అడిగింది పిల్లాడే. పట్టుబట్టి పెట్టించింది మాత్రం నేను. బి.ఎ. తెలుగు చదువుకుని, ఇరవై ఏళ్లుగా ఇల్లు చూసుకుంటున్నదానికి డీజిల్ ఇంజన్ల గొడవెందుకని మీకూ అనిపించవచ్చు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఇంజను మీదే. అందుకని నాకు కావాలి.

మాది విజయనగరం. మావారికి తొమ్మిదిమంది కూర్చునే డీజిల్ బండి ఉంది. పదకొండేళ్ల పాతది. పెళ్లిళ్లకీ, ఆసుపత్రులకీ, గుళ్లకీ తిప్పుతారు. అసలు బేరాలు మాత్రం కార్తీకమాసం నుంచి సంక్రాంతి వెళ్లేదాకా. అందరూ అరకే అంటారు. ఆ మూడు నెలల్లో నాలుగు డబ్బులు వెనకేసుకుంటేనే ఎండాకాలం గడుస్తుంది.

రెండేళ్ల క్రితం అదే కార్తీకమాసంలో హైదరాబాద్ నుంచి మా మరిదిగారి కుటుంబం వచ్చింది. ఒక ఆదివారం బేరం మానుకుని మావారు అందరినీ అరకు బయల్దేరదీశారు. శృంగవరపుకోటలో టిఫిన్లు చేసి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంటుంది కదా, ఇక అక్కణ్ణుంచి అంతా ఎక్కుడూ, మలుపులూను. బండి నిండా మనుషులు, పైన సామాను, లోపల ఏసీ. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

అనంతగిరి ఇంకా రాకముందే హీట్ మీటరు సూది మధ్య గీత దాటి పైకి పోవడం చూశాను. చెబుదామని నోరు తెరిచేలోపే అది మళ్లీ దిగింది. మామూలుగా ఉండే చోటుకంటే ఇంకా కిందికి దిగింది. "సూది దిగిపోయిందేంటండీ?" అన్నాను. "కొండగాలికి చల్లబడిందిలే" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. కిటికీలోంచి కాఫీ తోటలు చూస్తూ కూర్చున్నాను. ఇంకో నాలుగు మలుపులు తిరిగేసరికి బండి లాగడం మానేసింది. మాడు వాసన వచ్చింది. బానెట్ సందుల్లోంచి సన్నగా ఆవిరి. పక్కకి తీసి ఆపాక మళ్లీ స్టార్ట్ కాలేదు. ఇంత జరిగినా డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగలేదు.

మర్నాడు షెడ్డులో మెకానిక్ చెప్పిన సంగతి నేను జీవితంలో మరిచిపోను. ఆ హీట్ మీటరుకి కబురు పంపే సెన్సారు నీళ్లలో మునిగి ఉండాలట. నీళ్లున్నంతసేపే అది నిజం చెబుతుంది. గొట్టం ఊడో, పగిలో నీళ్లన్నీ కారిపోతే దాని చుట్టూ గాలీ ఆవిరీ మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఇంజను కాలిపోతున్నా సూది దిగిపోవచ్చు. దీపం కూడా అదే సెన్సారు మాట విని వెలిగేదైతే అదీ వెలగదు. అంటే మేం చల్లబడిందని సంతోషించిన నిమిషమే ఇంజనులో ఆఖరి చుక్క అయిపోయిన నిమిషం.

హెడ్ వంకరపోయింది, హెడ్ గాస్కెట్ కాలిపోయింది, రెండు పిస్టన్లకి గీతలు పడ్డాయి. బిల్లు 86 వేలు. బండి నెలరోజులు షెడ్డులోనే. ఆ సీజను బేరాలు వేరేవాళ్లకి పోయాయి. నా చేతి గాజులు నాలుగు బ్యాంకుకి వెళ్లాయి.

గాజులు పోయినందుకు నేను ఏడవలేదు. ఏడ్చింది ఇంకొకందుకు. బండి వెనక సీటు కింద ఎప్పుడూ రెండు పెద్ద సీసాల నీళ్లుండేవి. పాసింజర్లు తాగడానికి అనుకునేదాన్ని. నేనే రోజూ నింపి పెట్టేదాన్ని కూడా. అవి రేడియేటర్లో పొయ్యడానికట. నెలరోజులుగా నీళ్లు తగ్గుతున్న సంగతి మావారికి తెలుసు. "సీజను అయ్యాక చూపిద్దామనుకున్నాను. నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు" అన్నారు. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. కానీ ఇరవై ఏళ్లు పక్కన కూర్చున్న మనిషిని నేను. కంగారు పడే హక్కయినా నాకు ఉండాలి కదా!

మీటర్లు పెట్టిద్దామని మా అబ్బాయి అన్నది అప్పుడే. వాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాడు. మావారికి కోపం వచ్చింది. "ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టుకున్నాను. ఇంజను గొంతు మారితే నా చెవికి తెలుస్తుంది. నాకు మీటర్లు కావాలా?" అన్నారు. ఇది మీటరు మీద కోపం కాదని నాకు అర్థమైంది. కొడుకు తన పనితనాన్ని శంకిస్తున్నాడని బాధ. నిజానికి ఆయన చెవి గొప్పదే. బేరింగు పాడవుతుంటే వీధి చివర్నుంచే చెప్పగలరు. కానీ వేడికి గొంతు లేదు. ఆయిల్ ప్రెషర్ తగ్గితే చప్పుడు వస్తుంది కానీ, వచ్చేసరికి బేరింగులు అరిగిపోయి ఉంటాయి. చెవికి వినిపించని వాటికే కన్ను కావాలి. అది చెవికి అవమానం కాదు.

షోరూం నుంచి వచ్చిన మీటరు ఉండగా ఇంకోటి ఎందుకని అడుగుతారు. నేనూ అడిగాను. ఈ రోజుల్లో చాలా బండ్లలో హీట్ మీటరు సూదిని మధ్యలోనే నిలబడేలా చేస్తారట. వేడి పది, పదిహేను డిగ్రీలు అటూ ఇటూ అయినా అది కదలదు. కదిలినప్పుడల్లా కొన్నవాళ్లు కంగారుపడి షోరూంకి పరిగెత్తకుండా ఈ ఏర్పాటు. ఆయిల్ ప్రెషర్‌కైతే చాలా బండ్లలో మీటరే ఉండదు, ఒక ఎర్ర దీపం ఉంటుంది. అది వెలిగేది ప్రెషర్ సుమారు అర బార్‌కో, అంతకంటే కిందికో పడిపోయాక. పరుగులో ఉన్న ఇంజనుకి మూడు, నాలుగు బార్లు ఉండాల్సిన చోట అర బార్ దాకా ఆగి చెప్పడమంటే, ఇల్లు జప్తుకి వచ్చాక అప్పుంది అని చెప్పడమే. ఇంగ్లీషువాళ్లు ఈ దీపాలకి 'ఇడియట్ లైట్లు' అని ఎగతాళి పేరు పెట్టుకున్నారని మావాడు చెప్పాడు. మా నాన్నగారి పాత ట్రాక్టరు నయం, దానిమీద ఆయిల్ ప్రెషర్‌కీ, బ్యాటరీకీ విడివిడిగా సూదులుండేవి. స్టార్ట్ చెయ్యగానే ఆయన ముందు వాటివంక చూసేవారు, ఆ తర్వాతే గేరు.

వేడి సంగతి వంటింట్లో ఉండే మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. రేడియేటర్ మూతా, కుక్కర్ మూతా చేసే పని ఒకటే. లోపల ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్లు 100 డిగ్రీలకి మరగవు, ఇంకా పైకి వెళ్తేగాని మరగవు. కుక్కర్లో పప్పు అందుకే తొందరగా ఉడుకుతుంది, ఇంజను నీళ్లు అందుకే తొందరగా మరిగిపోవు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తియ్యకూడదనేదీ అందుకే. విజిల్ దిగని కుక్కరు మూత తీస్తే ఏమవుతుందో మనకి తెలుసు. మూత రబ్బరు పాతబడితే కుక్కరుకి విజిల్ రానట్టే, రేడియేటర్ మూత వదులైతే ఇంజనూ తొందరగా మరుగుతుంది. మెకానిక్ ఇవన్నీ చెబుతుంటే "ఇదా సంగతి" అనిపించింది. ఇంతకాలం నాకు అర్థం కాదనుకుని నేనే దూరంగా ఉన్నాను.

సరే, ఏ మీటర్లు? మావాడి జాబితాలో ఐదున్నాయి. నేను మూడు దగ్గర ఆపాను.

మొదటిది వేడికి. దాని సెన్సారు నీళ్లలో ఉండదు. ఇంజను హెడ్ లోహానికే బోల్టు కింద బిగుస్తుంది. నీళ్లున్నా, కారిపోయినా లోహం వేడి లోహం వేడే కాబట్టి మమ్మల్ని ముంచిన మోసం దీనితో జరగదు. అంకెల్లో చూపిస్తుంది, మనం పెట్టిన హద్దు దాటితే కూత పెడుతుంది. రెండోది ఆయిల్ ప్రెషర్‌కి. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదానికి సన్నటి గొట్టంలో ఇంజను ఆయిలే డాష్‌బోర్డు దాకా వస్తుంది. ఆ గొట్టం పగిలితే మరిగే ఆయిల్ కాళ్ల మీద పడుతుంది. అందుకని వైరు మీద కబురు పంపే రకమే తీసుకున్నాం. పాత ఎర్ర దీపం స్విచ్చి తీసెయ్యకుండా మధ్యలో టీ ముక్క వేసి రెండూ ఉంచమన్నాను. మూడోది బ్యాటరీ ఓల్టుమీటరు. ఇంజను ఆగి ఉంటే 12.6 దగ్గర, తిరుగుతుంటే 14కి అటూ ఇటూగా ఉండాలి. తిరుగుతున్నా 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటరో, బెల్టో పని చెయ్యట్లేదని అర్థం. రాత్రిపూట ఘాట్‌లో లైట్లు ఆరిపోయేదాకా ఆగక్కర్లేదు.

మావాడు అడిగిన మిగతా రెండూ టర్బో బూస్టు మీటరు, పొగ వేడి మీటరు. అవి పనికిరానివని నేననను. డీజిల్ ఇంజనుకి ఎంత ఎక్కువ ఆయిల్ పోస్తే పొగ అంత వేడెక్కుతుంది. 700 డిగ్రీలు దాటి అదేపనిగా ఉంటే టర్బోకీ, పిస్టన్లకీ ముప్పని చెబుతారు. పెద్ద బరువులు లాగేవాళ్లకీ, ఇంజను పవర్ పెంచుకున్నవాళ్లకీ అది అవసరమే. కానీ దాన్ని పెట్టాలంటే పొగ గొట్టం మొదట్లో టర్బో కంటే ముందు బెజ్జం వెయ్యాలి. ఆ ఇనప రజను ఒక్క రవ్వ లోపలికి పోయినా టర్బో పాడు. మాది కంపెనీ ఇచ్చిన ఇంజను, ఇచ్చిన పవరు. మాకు వద్దు. అవసరం లేని మీటరు కూడా ఒక విధంగా షోకే. రంగురంగుల లైట్లు వెలిగే డయల్స్ అరడజను పెట్టి, ఏది ఎంత ఉండాలో తెలియని కుర్రాళ్లని నేనూ చూశాను.

బిగించిన రోజు నేను కూడా షాపుకి వెళ్లాను. "అమ్మా, మీరెందుకు, ఎండలో" అన్నాడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు. కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. బిగించే ముందు సగం మీటర్లు కిటికీ పక్క స్తంభం మీద పెడదామన్నాడు, చూడ్డానికి బాగుంటుందని. అక్కడ పెడితే మలుపులో ఎదురొచ్చేవాడు కనబడడు. కొన్ని బండ్లలో గాలి సంచీ ఉండేదీ ఆ స్తంభంలోనే, దాని మీద ఏదైనా బిగిస్తే విచ్చుకునేటప్పుడు అదే మొహానికి తగులుతుంది. అందుకని డాష్‌బోర్డు నడిమధ్యలో, చిన్న చట్రంలో మూడూ వరసగా పెట్టించాను. విడిగా ఫ్యూజు వేయించాం. తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా, పార్కింగ్ లైటు వేస్తే మీటర్ల లోపలి దీపం వెలిగేలా కలిపాడు. ఆయిల్ సెన్సారు మరకి తెల్ల టేపు చుట్టబోతుంటే మావాడు ఆపాడు. ఒంటి వైరు సెన్సారుకి ఎర్తు ఆ మరలోంచే అందాలట, టేపు దళసరిగా చుడితే తప్పు చూపిస్తుందట. వైర్లు ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే చోట రేకు అంచుకి రాసుకోకుండా రబ్బరు బుష్ వేశాడు. అది లేకపోతే ఒరిపిడికి వైరు తొడుగు తెగి మంటలే రావచ్చు. మీటర్లు, బిగింపు అన్నీ కలిపి ఏడు వేల చిల్లర. 86 వేల పక్కన పెట్టి చూసుకోండి.

మీటరు నడిమధ్యలో పెట్టించడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. అక్కడైతే పక్క సీట్లో కూర్చున్నవాళ్లకీ కనిపిస్తుంది. నా మటుకు నాకు అసలు సంగతి అదే.

బిగించగానే అయిపోలేదు. మామూలు ఎంతో తెలియకపోతే, తేడా ఎంతో తెలియదు. పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక నుంచి రెండు పేజీలు తీసి బండికి ఇచ్చాను. రెండు వారాలు మావారు రాత్రి వచ్చాక చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఊళ్లో వేడి 88 నుంచి 92. ఘాట్‌లో నిండు బండితో 98. పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ నాలుగు బార్ల పైన, వేడెక్కి ఒక చోట ఆగి ఉంటే ఒకటింబావు. మొదటిసారి అలా దిగడం చూసి ఆయనే హడలిపోయారు. వేడికి ఆయిల్ పలచబడి అలా దిగడం మామూలేనని మెకానిక్ చెప్పాక కుదుటపడ్డారు. కూతకి హద్దు 105 దగ్గర పెట్టాం. ఈ అంకెలు మా బండివి. మీ బండికి మీరే రాసుకోవాలి.

మొన్న సంక్రాంతి ముందు ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు. బేరం మీద ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ చెయ్యరు. నా గుండె ఆగినంత పనైంది. "కంగారు పడకు. ఘాట్‌లో 101 చూపించింది. కూత రాలేదు, అయినా పక్కకి ఆపాను. పాసింజర్లు టీ తాగుతున్నారు" అన్నారు. ఏమిటా అని చూస్తే రేడియేటర్ ముందు రెక్కల్లో మట్టీ గడ్డీ పట్టేసి గాలి ఆడట్లేదు. సర్వీసింగ్‌లో నీళ్లతో కడిగించారు, 150 రూపాయలు. మర్నాడు అదే ఘాట్, అదే బరువు, మళ్లీ 97.

మూడు డిగ్రీల తేడా. ఎర్ర దీపానికి అది లెక్కే కాదు. మధ్యలో నిలబడే సూది అసలు కదిలేదే కాదు. ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది కాబట్టే ఆ మూడు డిగ్రీలకి అర్థం ఆయనకి తెలిసింది. అంకె చూపించడం మీటరు పని, దాని అర్థం తెలుసుకోవడం మనిషి పని. కొడుకు ఆయన్ని తక్కువ చెయ్యలేదని ఆ రోజు ఆయనకే అర్థమైందనుకుంటాను. ఎందుకంటే రాత్రి వాడికి ఆ కథంతా తనే చెప్పారు, కాస్త గర్వంగానే.

ఇవన్నీ పెడితే ఇంజను పాడవదని నేను చెప్పను. ఆయిల్ ఎంతుందో ప్రెషర్ మీటరు చెప్పదు, పొద్దున్నే కొలపుల్ల తీసి చూసుకోవాల్సిందే. వారంటీలో ఉన్న కొత్త బండి అయితే వైర్లు తెంపి కలిపే ముందు షోరూంలో అడగాలి. మీటరు కూడా అబద్ధం చెప్పవచ్చు, మా పాత సూది చెప్పినట్టు. అందుకే ఒకటి పెడితే అది దేన్ని కొలుస్తోందో, ఎప్పుడు కొలవలేదో కూడా తెలుసుకుని పెట్టాలి.

బండి మీద బతికే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆటో కావచ్చు, ట్రాలీ కావచ్చు, టాక్సీ కావచ్చు. ఆయన "మీటరు పెట్టిద్దామా" అంటే షోకని కొట్టిపారెయ్యకండి. ఆయన వద్దంటే మీరు అడగండి. పెట్టించేటప్పుడు మీకూ కనిపించే చోట పెట్టించండి. అది ఆయన మీద నమ్మకం లేక కాదు. కష్టం వస్తున్నట్టు మొదట కనిపించినప్పుడే ఇద్దరికీ కనిపించాలని.

వెనక సీటు కింద నీళ్ల సీసాలు ఇప్పటికీ ఉన్నాయి. నేనే నింపుతున్నాను. తాగడానికే.